మేస్త్రికి రాని వంతు

ఖతార్‌లో మెసయీద్ చుట్టుపక్కల కార్మికుల క్యాంపుల్లో కమిటీ ఎన్నికలు జరిగి, ఏ వర్గానికీ మెజారిటీ రాకపోతే ఇప్పటికీ ఒక మాట అంటారట: "ఆ సార్ చేసినట్టు చెరో ఏడాది పంచెయ్యండి." ఆ సార్‌ని నేనే. ఆ పద్ధతికి కంపెనీ నాకొక ప్రశంసాపత్రం ఇచ్చింది. మిగతా క్యాంపుల అడ్మిన్ ఉద్యోగులకు దాన్ని నేర్పమని పంపింది కూడా. వెళ్ళి నేర్పాను. ఆ పాఠంలో ఒక్క సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు.

ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. క్యాంపు ఉద్యోగాలకు కొత్తగా వస్తున్న మీలాంటి కుర్రవాళ్ళు ఆ పద్ధతిని నా పేరు చెప్పి వాడుతున్నారని విన్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దాంట్లో ఒక మనిషి మీద పడ్డ మచ్చ ఉంది. అది ఆయనది కాదు.

మా క్యాంపు రెండంతస్తుల బారకాసులు, ఒక మెస్సు, ఒక చిన్న మసీదు, క్రికెట్ ఆడుకునే ఇసుక మైదానం. పక్కనే మా కంపెనీ ప్రాజెక్టు. నాది క్యాంప్ బాస్ ఉద్యోగం. గదులు కేటాయించడం, మెస్సు చూసుకోవడం, బస్సులు, సెలవులు, ఊరికి వెళ్ళేవాళ్ళ టికెట్లు, అన్నీ నా చేతి మీదే జరిగేవి. 'గల్ఫులో దేవుడి తర్వాత ఏసీ, ఏసీ తర్వాత క్యాంప్ బాస్' అని కుర్రాళ్ళు అనుకునేవారు. నాకు ఆ మాట నచ్చేది. నచ్చకూడదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

క్యాంపులో కొందరు నేపాలీలు పోగా మిగతా అంతా మనవాళ్ళే. మనవాళ్ళు అక్కడ రెండు రకాలు. కాంక్రీటుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటర్లు, స్టీల్ కట్టేవాళ్ళు అందరూ జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్ళవాళ్ళు. ఎలక్ట్రీషియన్లు, స్టోర్సు, టైమ్ ఆఫీసు మనుషులు గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు, ఎక్కువమంది క్రైస్తవులు. నేనూ కృష్ణా జిల్లావాణ్ణే. వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆ రోజే దోహాలో చర్చి ప్రార్థనకు మేమంతా ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆ బస్సు సంగతి గుర్తుంచుకోండి. నేను ఎవరి పక్షమూ కాదని ఎప్పుడూ చెప్పుకునేవాణ్ణి, కానీ ఆ బస్సులో మాత్రం కూర్చునేవాణ్ణి.

ఒక వేసవికి ముందు హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. క్యాంపులో ఉండేవాళ్ళు తమలోంచి తొమ్మిది మందిని ఎన్నుకోవాలి, ఆ తొమ్మిది మంది ఒక చైర్మన్‌ని ఎన్నుకోవాలి, రెండేళ్ళ గడువు. చైర్మన్ ఒక్కడే నెలకొకసారి దోహా వెళ్ళి పెద్దలతో ఒకే బల్ల దగ్గర కూర్చుంటాడు. మిగతా ఎనిమిది మందికీ ఆ గదిలోకి ప్రవేశం లేదు. అందుకని చైర్మన్ కుర్చీకి విలువొచ్చింది.

షట్టరింగ్ వాళ్ళ తరఫున వాళ్ళ ఫోర్‌మన్ నిలబడ్డాడు. అందరూ ఆయన్ని మేస్త్రి అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నలభై దాటిన మనిషి. మాట తక్కువ. ఆయన నిలబడడానికి ఒకటే కారణం, నిద్ర.

ఎండాకాలం ఇక్కడ పగలు కాంక్రీటు పొయ్యరు, వేడికి పగులుతుంది. రాత్రంతా పోస్తారు. షట్టరింగ్ వాళ్ళు పొద్దున్నే వచ్చి పడుకోవాలి. సరిగ్గా అప్పుడే మా ఎలక్ట్రీషియన్లు ఏసీల మరమ్మతు పెట్టుకునేవాళ్ళు. పగలు అందరూ డ్యూటీలో ఉంటారు, గదులు ఖాళీ, కరెంటు తీసేసి తాపీగా పని చేసుకోవచ్చు. గదులు ఖాళీ అనేది వాళ్ళ లెక్క. ఆ గదుల్లోనే రాత్రి డ్యూటీవాళ్ళు చెమటలు కక్కుతూ దొర్లుతుండేవారు. అంతకుముందు వేసవిలో మేస్త్రి ముఠాలోని ఒకాయన షట్టరింగ్ చెక్క మీద నిలబడి కునుకు తీసి కింద పడ్డాడు. చెయ్యి విరిగి ఊరికెళ్ళిపోయాడు. రాత్రి డ్యూటీవాళ్ళందరికీ ఒక బ్లాకు విడిగా ఇవ్వాలి, ఆ బ్లాకులో పగలు కరెంటు తియ్యకూడదు. మేస్త్రి అడిగింది ఇంతే.

ప్రచారంలో ఆయన ప్రసంగం మొత్తం నాకు గుర్తుంది. మెస్సులో ప్లేటు పట్టుకుని నిలబడి, "నా మొకం జూసి ఓటెయ్యకుండ్రి. నిద్రకెయ్యుండ్రి," అని కూర్చున్నాడు.

అవతలి పక్క మా ఎలక్ట్రీషియన్ల పెద్ద. కోనసీమ మనిషి. ఇంగ్లీషు బాగా వచ్చు, ప్రార్థనలో గిటారు వాయిస్తాడు, ఎవరినైనా నవ్విస్తాడు. మ్యాచులు చూడడానికి పెద్ద తెర, మెస్సులో వారానికి రెండుసార్లు చేప, ఇవీ ఆయన హామీలు. "బ్రదర్, నిద్రంటే ఎవడి తిప్పలు వాడు పడతాడండీ. చేపయితే అందరికీ కావాలి గదా," అన్నాడు నాతో. చెడ్డవాడు కాదు. తన కుర్రాళ్ళు మరమ్మతులు సాయంత్రానికి మార్చుకుంటే వాళ్ళ సాయంత్రాలు పోతాయని ఆయన బాధ. అది కూడా బాధే.

ఓట్లు ఊరిని చూసుకునే పడ్డాయి. షట్టరింగ్ వైపు నలుగురు, ఎలక్ట్రీషియన్ వైపు ముగ్గురు, నేపాలీలు ఇద్దరు. అయిదుగురు ఎవరికీ లేరు. ఆ ఇద్దరు నేపాలీల్లో ఒకాయన మా మెస్సు పెద్ద వంటవాడు. ఫలితం వచ్చిన మర్నాడు నా దగ్గరకొచ్చి హిందీలో మురిసిపోయాడు: "సాబ్, ఇన్నాళ్ళూ నా కూరకి వంకలు పెట్టినవాళ్ళే. ఇవాళ రెండు పక్కలవాళ్ళూ భాయీ అంటున్నారు. పప్పులో ఉప్పు ఎక్కువైనా బాగుందంటున్నారు!"

ఆ పప్పు రెండు రోజులే బాగుంది. మూడో రోజు శుక్రవారం. నేనూ ఎలక్ట్రీషియనూ ప్రార్థన నుంచి తిరిగొచ్చేసరికి మెస్సు ముందు జనం ఖాళీ ప్లేట్లతో బారులు తీరి ఉన్నారు. పొయ్యి వెలగలేదు. వంటవాడు లేడు. బియ్యం గది తాళంచెవి ఆయన జేబులో ఉంది. రెండో నేపాలీ కూడా లేడు. ఇద్దరి ఫోన్లూ మూగబోయాయి.

ఊళ్ళో మున్సిపాలిటీలో ఎవరికీ మెజారిటీ రాకపోతే మనవాళ్ళు ఏం చేస్తారో మీకు తెలుసు. గెలిచినవాళ్ళను బస్సెక్కించి దూరంగా తీసుకెళ్ళి, ఫోన్లు లాక్కుని, ఓటు రోజుదాకా మేపుతారు. మా షట్టరింగ్ కుర్రాళ్ళు అదే చేశారు. నేపాలీలిద్దరినీ టాక్సీ ఎక్కించి దోహా శివారు బర్వా అల్ బరాహాలో తమ బంధువు గదికి తీసుకెళ్ళిపోయారు. చేసేటప్పుడు ఆ ఇద్దరిలో ఒకడు మొత్తం క్యాంపుకి అన్నం వండేవాడన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

మేస్త్రికి ఫోన్ చేశాను.

"వంటాయన ఎక్కడ మేస్త్రీ?"

"మంచిగున్నడు సార్. మటన్ తింటున్నడు."

"ఇక్కడ క్యాంపంతా పస్తులుంది."

అటు తిరిగి ఎవరినో తిట్టడం వినిపించింది. "అరే, వంటోణ్ణి తెచ్చిన్రేందిరా! రెండో ఆయిన ఒక్కడు చాలకపాయెనా?" మళ్ళీ నాతో: "తప్పయింది సార్. మా దిక్కు గిట్లనే జేస్తరు. గని మా దిక్కు ఎవ్వడు వంటోళ్ళను కౌన్సిలర్లను జెయ్యడు గద. యాదికి రాలే."

నవ్వొచ్చింది నాకు. నవ్వడానికి తీరిక లేదు. ఎవడో ఖాళీ గిన్నెల ఫొటో తీసి హెడ్డాఫీసుకి పంపాడు. ఆ మధ్యాహ్నం మూడువందల మంది ఖుబ్జ్ రొట్టె, ఆవకాయ నంజుకుని తిన్నారు. వంటవాడు టాక్సీలో తిరిగొచ్చేలోపే ప్రాజెక్టు మేనేజరు కారు క్యాంపు గేటు దాటి లోపలికొచ్చింది.

ఆయన లెబనాన్ మనిషి. కోపం పట్టలేడు, రహస్యమూ పట్టలేడు. నన్ను కార్లో కూర్చోబెట్టుకుని ఏసీ పెంచాడు. ఆదివారం నాటికి చైర్మన్ పేరు చెప్పకపోతే కమిటీని రద్దు చేసి తనకు నచ్చినవాణ్ణి పెట్టుకుంటానన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "హబీబీ, దీనికోసం ఎందుకు తల బద్దలు కొట్టుకుంటావు? ఏడాది తిరక్కముందే సివిల్ పని అయిపోతుంది. ఈ షట్టరింగ్ వాళ్ళందరూ ఇళ్ళకు పోతారు. నీలో ఉంచుకో. ముందే తెలిస్తే చేతులు ఆడించరు."

ఆ కారు దిగేసరికి పరిష్కారం నా తలలో తయారై ఉంది. అది ఎంత తొందరగా తయారైందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

శనివారం పగలు తొమ్మిది మందినీ మెస్సులో కూర్చోబెట్టాను. మన ఊళ్ళలో పెద్దమనుషులు చేసే పనే. చైర్మన్ పదవి చెరో ఏడాది. నేపాలీలకు ఉపాధ్యక్ష పదవి. అందరూ తలలూపారు. చిక్కంతా ముందెవరన్న దగ్గరే.

"నలుగురం ఉన్నం. మొదలు మేం తీసుకుంటం," అన్నాడు మేస్త్రి. "ఎండాకాలం ముందున్నది సార్."

"అందుకే చెబుతున్నా," అన్నాను. "మొదటి ఏడాదంతా కాగితాలు, ఇంగ్లీషు, వాళ్ళ పద్ధతి పట్టుకోవడంతోనే సరిపోతుంది. ఆ తిప్పలేవో ఆయన్ని పడనియ్యండి. మీ వంతు వచ్చేసరికి దారి పడి ఉంటుంది. మీరు అడగడం, వాళ్ళు ఇవ్వడం."

ఈ మాటలు అబద్ధం కాదు. వేరే క్యాంపులో, వేరే మనుషుల మధ్య ఇదే సలహా మంచి సలహా. అందుకే అంత బాగా చెప్పగలిగాను.

షట్టరింగ్ వైపు గెలిచిన నలుగురిలో ఒక స్టీల్ కట్టే కుర్రాడు ఉన్నాడు, మేస్త్రికి దూరపు చుట్టం. వాడు ఊరుకోలేదు. "మామా, మా కాడ గిట్లనే అన్నరు. చెరి సగమని ఒట్టు బెట్టుకున్నరు. రెండో సగపోడు ఇప్పటిదాంక కుర్చీ ఎక్కలే. వద్దే మామా."

"గాడ ఒట్టు బెట్టిచ్చినోళ్ళు నాయకులురా," అన్నాడు మేస్త్రి. "గీడ సార్ ఉన్నడు."

ఒట్టు దేనిమీద వెయ్యాలన్నది మరో చర్చ. దేవుడి పటం అంటే ఎవరి దేవుడన్న పేచీ. చివరికి ఎలక్ట్రీషియనే అన్నాడు, "అన్నం మీద వేద్దామండీ. నిన్న అది లేకనే గదా అందరం ఏకమయ్యాం." వంటవాడు ఒక పళ్ళెం నిండా అన్నం తెచ్చి మధ్యలో పెట్టి, "ఆజ్ చావల్ హై, జల్దీ కసమ్ ఖా లో," అన్నాడు. ఇవాళ అన్నముంది, తొందరగా ఒట్టేసుకోండని. ఇద్దరూ పళ్ళెం మీద చెయ్యి చేర్చి పెట్టారు. చెరో ఏడాది. నేను సాక్షిని.

ఆదివారం మేనేజరు నా భుజం తట్టాడు.

ఎలక్ట్రీషియన్ మొదటి మీటింగులోనే నిద్ర సంగతి పెట్టాడు. వేసవి అయ్యాక చూద్దామన్నారట. తిరిగొచ్చి నన్ను అడిగాడు, "మళ్ళీ గట్టిగా అడగమంటారా బ్రదర్?" అని. "మొదట్లోనే గొడవెందుకు, చూద్దాం," అన్నాను. ఆయన మొహంలో ఒక బరువు దిగింది. తన కుర్రాళ్ళకు సాయంత్రాలు మిగిలాయి.

మేస్త్రి మొదట్లో ప్రతి మీటింగు తర్వాతా నా ఆఫీసు గుమ్మంలో నిలబడేవాడు. "ఏమన్నరు సార్?" అని అడిగేవాడు. చూస్తామన్నారని చెప్పేవాణ్ణి. కొన్నాళ్ళకు రావడం మానేశాడు. మెస్సులో కనిపిస్తే మాత్రం, "ఏం గాదు సార్. నా వంతు రానియ్యుండ్రి, నేనే అడుగుత," అనేవాడు. టైమ్ ఆఫీసు కుర్రాడి దగ్గర ఒక ఇంగ్లీషు వాక్యం నేర్చుకున్నాడట. ఒకసారి నాకు వినిపించాడు. "నైట్ డ్యూటీ పీపుల్ ఆల్సో స్లీపింగ్, సార్." చెప్పి, "మంచిగ వచ్చిందా?" అన్నాడు. బాగా వచ్చిందన్నాను.

ఆ వేసవి ఆయన ముఠా తడిగుడ్డలు కప్పుకుని పడుకుంది. మంచాలు వరండా నీడలోకి లాక్కునేవారు. మరమ్మతు అయ్యాక మళ్ళీ లోపలికి లాక్కునేవారు. వరండాలో మంచాలు పెట్టకూడదని నోటీసు అంటించింది నేనే. నిబంధన అది.

చలికాలం చివర్లో సివిల్ వాళ్ళకు విడుదల ఉత్తరాలు వచ్చాయి. చైర్మన్ మార్పుకు ఇంకా కొంచెం గడువుంది. నలుగురు షట్టరింగ్ సభ్యులూ వెళ్ళిపోయేవాళ్ళలోనే ఉన్నారు.

ఉత్తరం అందిన రోజే మేస్త్రి వచ్చాడు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మీకు ముందుగాల ఎర్కనా సార్?"

"లేదు మేస్త్రీ. మీతో పాటే తెలిసింది."

"గదే అన్న నేను. మా పోరలు ఏదేదో అంటున్నరు. సార్‌కు ఎర్కుంటె చెప్తుండె అని నేనే గట్టిగన్న." అంతా నమ్మిన మనిషి గొంతది. అప్పుడు అసలు పని చెప్పాడు. "ఒక్కటి అడుగుత. వచ్చే సోమవారం మీటింగున్నది. నా వంతు నాకు వద్దు. ఆ ఒక్క మీటింగు నాకియ్యుండ్రి. అడిగిపోత. ఇయ్యాల మేం పోతం, రేపు ఇంకోలు వస్తరు. గా గదులల్లనే పండుకోవాలె గద వాళ్ళు."

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అడిగాను. వద్దంటాడని ఆశపడ్డాను. "ఇచ్చెయ్యండి బ్రదర్," అన్నాడాయన. "అన్నం మీద ఒట్టేశాం. ఏడాదంతా ఎలాగూ ఇవ్వలేకపోయాం, ఒక్క పూటన్నా కూర్చోనివ్వండి. ఆయనకు ఇంగ్లీషు రాదని చెప్పి నేనూ లోపలికి వెళ్తా, పక్కనుండి చెబుతా."

అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాణ్ణి నేనొక్కణ్ణే, అదీ నోరు తెరవకుండా. ఆ గదిలో మేనేజరు ఉంటాడు. మేస్త్రి ఎప్పుడో అప్పుడు, నా వంతు రాదని మీకు ముందే తెలియదా అని అడుగుతాడు. మేనేజరు నోరు ఆగదు. 'మీ క్యాంప్ బాస్‌కి మొదటి రోజే చెప్పానే' అంటాడు. హెడ్డాఫీసు పెద్దల ముందు, ఎలక్ట్రీషియన్ ముందు, అన్నిటికన్నా మేస్త్రి ముందు. నేను భయపడింది దానికి.

ఊరెళ్ళేవాళ్ళను రెండు జట్లుగా పంపుతున్నాం. మొదటిది ఆదివారం, రెండోది గురువారం. మేస్త్రిది గురువారం. ఎవరిని ఎందులో పెట్టాలన్నది పూర్తిగా నా ఇష్టం. ఆయన్ని ఆదివారం జట్టులోకి మార్చాను.

చెప్పినప్పుడు ఆయన తెల్లబోయాడు. "మరి సోమవారం?"

"టికెట్లు పైనుంచి వచ్చాయి మేస్త్రీ. నా చేతిలో లేదు. ఎలక్ట్రీషియన్ అడుగుతాడులెండి మీ బదులు."

"సరే సార్. మీరేం జేస్తరు మరి," అని నాకు చెయ్యి ఇచ్చాడు. రంపం, సుత్తి పట్టిన చెయ్యి. దాన్ని పట్టుకుని ఊపాను.

ఆదివారం ఉదయం బస్సెక్కినవాళ్ళలో సభ్యుడు ఆయనొక్కడే. మిగతా ముగ్గురివీ గురువారం టికెట్లే. వాళ్ళకు అది వింతగా తోచింది. స్టీల్ కట్టే కుర్రాడు మెస్సులో అందరి ముందూ అన్నాడు: "సూడుండ్రి మా మామను. కంపెనీతోని మాట్లాడుకున్నడు. వంతు ఇడిసిపెట్టిండు, ముందు టికెట్ వట్టుకొని పోయిండు. నిద్రకు ఓటెయ్యమన్నడు, ఇంటికి వొయ్యి పండుకుంటుండు." చుట్టూ నవ్వారు. నేను పక్క బల్ల దగ్గర టీ పోసుకుంటున్నాను. ఒక్క మాట చాలు. 'టికెట్ మార్చింది నేను' అంటే అయిపోయేది. కప్పులో చక్కెర కలుపుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాను.

ఆ మాట ఆ మెస్సుతో ఆగలేదు. గురువారం వెళ్ళినవాళ్ళతో ఊళ్ళకూ పోయింది, ఉండిపోయినవాళ్ళతో వేరే క్యాంపులకూ పోయింది. మెసయీద్‌లో ఇప్పటికీ ఒప్పందం తప్పినవాణ్ణి 'మేస్త్రి లెక్క టికెట్ వట్టినవా' అని దెప్పుతారని ఈమధ్యే విన్నాను.

సోమవారం మీటింగు ఏ అలజడీ లేకుండా ముగిసింది. ఎలక్ట్రీషియన్ రాత్రి డ్యూటీ సంగతి ఎత్తితే, ఆ డ్యూటీవాళ్ళే వెళ్ళిపోతున్నారు కదా అని నవ్వారట. గురువారం జట్టు కూడా వెళ్ళాక మిగిలిన అయిదుగురూ ఆయన్నే రెండో ఏడాదికీ ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మెజారిటీ రాని కమిటీని ఏ గొడవా లేకుండా మొదటి ఏడాది దాటించినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చింది.

తర్వాతి వేసవికి కొత్త పని మొదలైంది. వేరే కాంట్రాక్టరు మనుషులు, మళ్ళీ రాత్రి డ్యూటీ, మళ్ళీ అవే గదులు. ఆ నెల మీటింగు నుంచి ఎలక్ట్రీషియన్ అదోలా తిరిగొచ్చాడు. "ఇచ్చేశారు బ్రదర్," అన్నాడు.

"ఏమిటి?"

"బ్లాకు. మేనేజరు ఊళ్ళో లేడు, ఎవరో కొత్తాయన వచ్చాడు. చెప్పాను. ఇంతేనా, మార్చుకోండి అన్నాడు. అంతేనండీ. మనం అడగాల్సినట్టు అడగలేదు."

మంచాలు మార్చడం మధ్యాహ్న భోజనాల వేళకు అయిపోయింది. ఆ బ్లాకు మరమ్మతులు సాయంత్రం చెయ్యడానికి ఎలక్ట్రీషియన్ కుర్రాళ్ళు నాలుగు రోజులు గొణిగారు, అయిదో రోజు అలవాటు పడ్డారు. ఒక పూట పనికి ఒక మనిషి ఏడాది ఎదురుచూశాడు. రానే రాని ఏడాది కోసం.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ ఉద్యోగం వదిలేశాను. పశ్చాత్తాపంతో వదిలానని చెప్పుకుంటే బాగుంటుంది, కానీ నిజం కాదు. దోహాలో మంచి ఆఫీసు పని దొరికింది. ఇప్పుడు అక్కడే ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఉంటున్నాను. శుక్రవారాలు ఇప్పటికీ ప్రార్థనకు వెళ్తాను.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఇండియా నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, నేను షట్టరింగ్ మేస్త్రిని. యాదికున్ననా?"

ఉన్నారన్నాను. ఆయన గొంతులో హుషారుంది. వాళ్ళ చిన్న పట్నంలో మున్సిపల్ ఎన్నికలు జరిగాయట. ఏ పార్టీలో చేరకుండా నిలబడి వార్డు గెలిచాడట. ఇప్పుడు రెండు పార్టీలకూ సరిపడా సభ్యులు లేరు, అంతా ఆయన ఓటు మీద ఆగి ఉంది. ఒక పార్టీ తమ ఆయనకూ ఈయనకూ చైర్మన్ పదవి చెరి సగం పంచుతామంటోంది.

"మీకన్న ఎర్కున్నోళ్ళు ఎవరున్నరు సార్ గీ పనిల? గందుకే చేసిన. మొదలు తీసుకోవాల్నా, ఎనుక తీసుకోవాల్నా? ఎనుక తీసుకుంటె నయమని నా మనసుల ఉన్నది. అప్పుడు మీరు చెప్పిన్రు గద, మొదలు అంత కాగితాలే ఉంటయని."

నేనిచ్చిన సలహాని ఆయన ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. ఈసారి అది ఆయన వార్డును ముంచుతుంది.

"ముందు మీరే తీసుకోండి మేస్త్రీ," అన్నాను.

"ఎందుకు సార్?"

అప్పుడు చెప్పాను. కారులో మేనేజరు అన్న మాట, అన్నం పళ్ళెం దగ్గర నేను ఆడిన మాట, ఆదివారం టికెట్. సంజాయిషీ కలపకుండా చెప్పడానికి ప్రయత్నించాను. ఎంతవరకు కలపలేదో తెలియదు. అవతల ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. "ఆగుండ్రా," అన్నాడు వాళ్ళతో.

"గా సోమవారం నేను అడిగుంటె ఇస్తుండెనా వాళ్ళు?"

"ఇచ్చేవాళ్ళేమో. తర్వాత అడిగితే ఇచ్చారు. ఒక పూటలో అయిపోయింది."

"ఒక పూట," అన్నాడు. "ఆదివారం పోయిన గద నేను. ఎనుక నుంచి మా పోరలు ఏమనుకున్నరు? మా స్టీల్ పోరడు ఊర్ల కూడ నాతోని సరిగ మాట్లాడడు సార్. ఎందుకో ఇప్పటిదాంక తెల్వకపాయె."

"వంతు వదులుకుని ముందు టికెట్ తీసుకున్నారని అన్నారు."

"మీ ముంగటనే అన్నరా?"

"నా ముందే."

"మీరేమన్నరు?"

"ఏమీ అనలేదు."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆయన గొంతు పెంచలేదు, తగ్గించలేదు, మెస్సులో ప్లేటు పట్టుకుని మాట్లాడినప్పటిలాగే ఉంది.

"అయితె ఇప్పుడనుండ్రి సార్," అని ఫోన్ పెట్టేశాడు.

అంటున్నాను. మేస్త్రి తన వంతు ఎవరికీ వదులుకోలేదు, ఏ టికెట్టూ అడగలేదు. ఆయన్ని ఆ బస్సు ఎక్కించింది నేను.